వీణ మెట్టు, గిటారు మెట్టు: యంత్రమా, హస్తమా?

తంతి వాద్యముపై స్వరము ఎచ్చట పలుకవలెనో నిర్ణయించు చిన్న లోహపు కడ్డీని తెలుగులో మెట్టు అందురు. సితారు వాయించువారు దానిని పర్దా అందురు. గిటారు వాయించువారు ఫ్రెట్ అందురు. పేర్లు మూడైనను పని ఒక్కటే. తంతిని మెట్టుకు ఆనించి నొక్కినప్పుడు మ్రోగు భాగము పొట్టిదగును, స్వరము హెచ్చగును. మెట్టు తన చోట ఉన్నచో స్వరము శ్రుతిలో పలుకును. తొలగినచో అపస్వరము పలుకును. చోటు సరిగా ఉండియు ఎత్తు సరిగా లేనిచో తంతి ప్రక్క మెట్టుకు తగిలి బరబర మనును.

గత సంవత్సరము మన కళాశాల వార్షికోత్సవమునకు అభ్యాసములు జరుగుచుండగా ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకొను విద్యార్థుల మధ్య ఒక వాదము బయలుదేరినది. కంప్యూటరు నడుపు యంత్రము సరిచేసిన మెట్లే మేలని కొందరు, నేర్పరియైన పనివాడు చేతితో సరిచేసినవే మేలని మరికొందరు పట్టుబట్టిరి. తీర్పు చెప్పుమని మా వద్దకు వచ్చిరి. మేము తెలుగు బోధించువారమే గాని వాద్యములు చేయువారము కాము. అయినను ఆ తరువాత కొలది దినములకే మా చేతుల మీదుగా ఒక గిటారు చెడి, మరల బాగుపడినది. ఆ అనుభవమును, ఈ విషయమున మేము తెలిసికొన్న దానిని కలిపి విద్యార్థుల ముందుంచుచున్నాము.

మెట్టు చోటు

మెట్లు లేని వాద్యములే ముందు పుట్టినవి. నేటి పల్నాడు జిల్లాలో చేరియున్న అమరావతి స్తూప శిల్పములలో విల్లువలె వంగిన వీణ కనిపించును. దానికి ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క తంతి గలదు. వ్రేలితో తంతిని పొట్టిచేయవలసిన పని లేదు గనుక మెట్టుతో పని లేదు. దండి మీద తంతిని నొక్కి వాయించు వాద్యములు వ్యాప్తిలోనికి వచ్చిన తరువాతనే మెట్టు ఎచ్చట నుండవలెనను ప్రశ్న పుట్టినది.

ఈ ప్రశ్నకు రెండు విధములైన సమాధానములు చరిత్రలో కలవు. ఒకటి చెవి చెప్పినది, రెండవది లెక్క చెప్పినది.

చెవి చెప్పిన దానికి బాగ్దాదు నగరము మంచి నిదర్శనము. క్రీ.శ. 8వ శతాబ్దిలో అచ్చట జల్‌జల్ అను ఊద్ వాద్యకారుడు ఉండెను. అంతకు పూర్వము వాడుకలో ఉన్న రెండు స్థానముల నడుమ అతడు నడిమి వ్రేలికి మరియొక స్థానమును ఏర్పరచెను. 10వ శతాబ్దిలో అల్ ఫారాబీ తన బృహత్సంగీత గ్రంథమున ఆ స్థానమును ఆ కళాకారుని పేరుతోనే చర్చించెను. ఒక వాద్యకారుని వ్రేలు, చెవి కలిసి కనుగొన్న చోటు శాస్త్రగ్రంథములోనికి ఎక్కినదన్నమాట. ఉర్దూ, అరబ్బీ చదువు విద్యార్థులు గుర్తుంచుకొనదగిన విషయమిది.

లెక్క చెప్పిన దానికి గిటారు నిదర్శనము. శాస్త్రజ్ఞుడైన గెలీలియో తండ్రి విన్చెంజో గెలీలీ సంగీతవేత్త. ఆయన 1581లో ప్రకటించిన గ్రంథములో ల్యూట్ వాద్యపు మెట్లకు 18:17 నిష్పత్తిని సూచించెను. అనగా మిగిలియున్న తంతి పొడవును 18 భాగములు చేసి, ఒక భాగము విడిచి మెట్టు పెట్టవలెను. మరల మిగిలిన దానిని 18 భాగములు చేయవలెను. ఈ పద్ధతిలో 12వ మెట్టు సరిగా తంతి నడుమకు రాదు, కొంచెము వెనుకబడును. నేటి కర్మాగారములలో 18కి బదులు 17.817 అను సంఖ్యను వాడుదురు. అప్పుడు 12వ మెట్టు సరిగా సగమున పడును.

ఒక ఉదాహరణము చూతము. ఎలక్ట్రిక్ గిటార్లలో విరివిగా కనిపించు తంతి పొడవు సుమారు 648 మిల్లీమీటర్లు. దీనిని 17.817తో భాగించినచో మొదటి మెట్టు 36.4 మిల్లీమీటర్ల దూరమున పడును. 12వ మెట్టు 324 వద్ద పడును. మెట్లు పైకి పోవుకొలది దగ్గరగును. 21కిని 22కిని నడుమ దూరము 11 మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. ఒక అర్ధస్వరమును 100 సెంట్లుగా విభజించి కొలుచుట వాడుక. అర మిల్లీమీటరు పొరపాటు మొదటి మెట్టు వద్ద జరిగినచో స్వరము ఒకటిన్నర సెంటు మాత్రమే తప్పును. అదే పొరపాటు 12వ మెట్టు వద్ద రెండున్నర సెంట్లకు మించును, 22వ మెట్టు వద్ద సుమారు ఐదు సెంట్లగును. పొరపాటు ఒక్కటే, ఫలితము మాత్రము చోటును బట్టి పెరుగుచున్నది.

ఇట్టి పనిలో యంత్రమును మించినది లేదు. ఇరువది రెండు గాడులను అర మిల్లీమీటరులో పదియవ వంతు తేడా రాకుండ, వేయి వాద్యములకు ఒకే తీరున కోయగలది యంత్రమే. చేతిపని అని గొప్పగా చెప్పుకొను గిటార్లలో సైతము గాడులు యంత్రపు రంపముతోనో, కొలతలు ముందే చెక్కిన అచ్చు సాయముతోనో కోయబడినవే ఎక్కువ. కావున మెట్టు చోటు విషయమున వాదమునకు తావు లేదు.

మెట్టు ఎత్తు

చోటు కుదిరిన మాత్రమున పని ముగియదు. మన ప్రాంతపు విద్యార్థులకు ఈ విషయము నాపరాళ్ళ పనిని చూచినచో సులభముగా బోధపడును. పల్నాటి నాపరాయిని యంత్రముతో కోసి, నునుపుచేసి, మూలమట్టమునకు సరిపోవునట్లు ఇచ్చెదరు. రాయి ఎంత కచ్చితముగా కోసినను గది నేల సమముగా వచ్చునన్న నమ్మకము లేదు. తాపీమేస్త్రి రసమట్టము పెట్టి, దారము లాగి, ఒక్కొక్క రాయిని తట్టి కూర్చోబెట్టవలెను. ఒక రాయి మూల లేచియున్నచో నడుచువాని కాలికి తగులును. గిటారు మెట్టు కూడ అట్టిదే. గాడి కోత రాతి కోత వంటిది. మెట్టును గాడిలో కూర్చోబెట్టుట మేస్త్రి పని వంటిది.

గిటారు మెట్టు సామాన్యముగా రాగి, నికెలు, తుత్తునాగము కలిసిన లోహముతో చేయబడును. ఇటీవల తుప్పు పట్టని ఉక్కు మెట్లు కూడ వాడుచున్నారు. అవి గట్టివి, త్వరగా అరుగవు, అందుచేతనే ఆకురాయికి సులభముగా లొంగవు. మెట్టు అడుగున ఉండు సన్నని కాలు గాడిలోనికి దిగవలెను. దిగిన తరువాత మెట్లన్నింటి శిరస్సులు ఒకే తలమున ఉండవలెను. పొడుగైన చదును పలకకు గరుకు కాగితము అంటించి రుద్ది, ఎత్తైన మెట్లను మిగిలిన వానితో సమము చేయుదురు. అట్లు రుద్దగా శిరస్సు బల్లపరుపుగును గనుక దానిని మరల గుండ్రముగా చేయుటకు వేరొక ఆకురాయి కలదు. పిమ్మట నునుపు చేయుదురు. చివరకు మెడ అంచున మెట్టు కొనలు చేతికి గ్రుచ్చుకొనకుండ మొనలు విరుతురు.

జర్మనీలోని బెర్లిను నగరమున రూపొందిన ప్లెక్ అను యంత్రము ఈ పనిలో కొంత భాగమును కంప్యూటరు చేత చేయించును. ఇందులోని విశేషము కోతలో కంటె కొలతలో ఉన్నది. తంతులు బిగించియుండగా, వాని లాగుడుకు మెడ ఎంత వంగినదో, ఏ మెట్టు ఎంత ఎత్తున ఉన్నదో ముందుగా కొలుచును. ఆ కొలతను బట్టి ఏ మెట్టు నుండి ఎంత లోహము తీయవలెనో లెక్క కట్టి, అంతమాత్రమే తీయును. చేతితో పనిచేయువాడు తంతులు విప్పి మెట్లను రుద్దును. తంతులు తీయగానే మెడ వంపు మారును. మరల బిగించినప్పుడు అది ఎట్లుండునో అతడు అనుభవముచే ఊహింపవలెను. యంత్రమునకు ఆ ఊహతో పని లేదు.

అయినను యంత్రమునకు ఒక హద్దు కలదు. మెట్టు గాడిలో సరిగా కూర్చుండక లేచియున్నచో యంత్రము దాని శిరస్సును మిగిలిన వానితో సమము చేయును. నాలుగు నెలలకు ఆ మెట్టు క్రిందికి దిగినను, మరికొంత పైకి లేచినను సమత తప్పును. మెట్టును వ్రేలితో నొక్కి, అది కదలుచున్నదా లేదా అని ముందుగా చూచు మనిషి లేనిచో ఎంత సూక్ష్మమైన కొలతయు నిలువదు. మరియు మెట్టు ఎత్తు ఒక మిల్లీమీటరుకు కొంచెము మించి మాత్రమే ఉండును. తీసిన లోహము తిరిగి రాదు. కావున చేయి గాని, యంత్రము గాని తక్కువ తీయుటయే నేర్పు.

వీణ మేళము

ఇక మన వీణను చూతము. తంజావూరు నేలిన రఘునాథ నాయకుని కాలమున, అనగా 17వ శతాబ్ది తొలి భాగమున, 24 స్థిరమైన మెట్లు గల నేటి వీణ రూపొందినదని సంప్రదాయము. ఆయన తెలుగు కవియు, సంగీతజ్ఞుడును. తెలుగుదేశమున వీణల తయారీకి విజయనగరము జిల్లాలోని బొబ్బిలియు, దాని సమీపముననున్న గొల్లపల్లియు ప్రసిద్ధములు. పనసకర్రను తొలిచి కుండ, దండి ఏకఖండముగా చేయుట అచ్చటి ప్రత్యేకత. బొబ్బిలి వీణకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. మనకు ఇంకను దగ్గరగా నూజివీడు వీణలకు పేరుపొందినది.

వీణ మెట్లను గాడిలో దించరు. దండికి ఇరువైపుల తేనెమైనములో నల్లని పొడి కలిపి గట్టుగా పోసి, ఆ గట్టుపై లోహపు మెట్లను కూర్చోబెట్టుదురు. దీనినే మేళము కట్టుట అందురు. మేళము కట్టువాడు కొలబద్దను నమ్మడు. తంతిని మీటి, చెవితో విని, మెట్టును వెంట్రుకవాసి జరిపి, మరల విని, కుదిరిన పిమ్మట మైనమును అదుముట అతని పద్ధతి. ఏ రెండు వీణల దండి గాని, గుర్రము గాని, తంతి గాని ఒక్క తీరున ఉండవు గనుక ఒకదాని కొలత రెండవదానికి సరిపడదు. పైగా వీణ వాయించువారు తంతిని మెట్టుపై ప్రక్కకు లాగి గమకము పలికింతురు. అట్లు లాగినప్పుడు తంతి పై మెట్టుకు తగులకుండునట్లు ఎత్తులు అమర్చవలెను. పండ్రెండు సమభాగముల లెక్క ఇచ్చట కొంతవరకే పనికివచ్చును.

మైనమునకు ఒక గుణము, ఒక దోషము కలవు. మెట్టు తప్పినచో మరల సరిచేసికొనవచ్చునన్నది గుణము. వేడికి మెత్తబడుట దోషము. తేనెమైనము సుమారు 62 డిగ్రీల వద్ద కరగును. కాని అంతకు చాల ముందే మెత్తబడును. మన పల్నాటిలోని రెంటచింతల ఎండలు రాష్ట్రమందంతట పేరుపొందినవే. వేసవిలో అచ్చట ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట క్రొత్త గాదు. అట్టి ఎండలో మూసియుంచిన బండిలో వీణను తీసికొనిపోయినచో మేళము చెదరుట నిశ్చయము. ఈ బాధ తప్పించుటకు మైనము లేక మరలతో మెట్లు అమర్చిన వీణలు కూడ వచ్చినవి. ప్రయాణములు ఎక్కువగా చేయువారికి అవి సౌకర్యము. అయినను ఆ మరను ఎచ్చట బిగించవలెనో చెప్పవలసినది చెవియే.

మా చేతి పొరపాటు

ఇప్పుడు మా అనుభవము. కళాశాల సాంస్కృతిక సంఘమునకు ఒక ఎలక్ట్రిక్ గిటారు కలదు. యంత్రముతో చేసిన సామాన్యమైన వాద్యము. వానాకాలమున బాగుగనే మ్రోగినది. మే నెలలో తీసి చూడగా 6వ మెట్టుపై నొక్కినప్పుడు తంతి బరబరమనసాగెను. 7వ మెట్టు ఎత్తుగా ఉన్నదని తలచి, మేమే దగ్గర ఉండి ఒక విద్యార్థి చేత దానిని ఆకురాయితో రుద్దించితిమి. 6వ మెట్టుపై చప్పుడు ఆగినది. కాని 7వ మెట్టుపై నొక్కినచో 8వ మెట్టు తగులసాగెను. 8వ దానిని కూడ రుద్దబోవుచుండగా మాచర్ల నుండి వచ్చి చదువుచున్న ఒక విద్యార్థి మా చేయి పట్టి ఆపినంత పని చేసెను. "మా నాన్నకు ఒకసారి చూపిద్దాం సార్" అనెను. అతని తండ్రి వడ్రంగి.

ఆయన గిటారు ఎన్నడును వాయించినవాడు కాడు. వచ్చిన వెంటనే వాద్యమును కంటి యెదుటికి ఎత్తి, ఒక కన్ను మూసి, చిత్రిక పట్టిన దూలమును చూచినట్లు మెడ పొడవునా చూచెను. "ఇనుము తప్పేం లేదు సారూ, కర్ర ఎండకి ఆరి ఎనక్కి గుంజుకుంది" అనెను. మెడలోపల ఒక ఇనుప కడ్డీ ఉండుననియు, దాని మరను తిప్పి మెడ వంపును సరిచేయవచ్చుననియు విద్యార్థులు చెప్పిరి. ఆయన మరను పావు చుట్టు సడలించి, తంతులను బిగించి, ఒక పూట అట్లే ఉంచుమనెను. సాయంకాలమునకు 6వ మెట్టు నిర్దోషముగా పలికినది. అనగా మేము 7వ మెట్టును రుద్దవలసిన అవసరమే లేకపోయినది.

కాని రుద్దిన లోహము తిరిగి రాదు గదా! 7వ మెట్టు పల్లమైపోయినది. దానికి సరిపోవునట్లు మిగిలిన మెట్లన్నింటిని తగ్గింపవలసివచ్చినది. ఆయన చదునైన చెక్కకు గరుకు కాగితము అంటించి, మెట్ల శిరస్సులకు నల్ల సిరా పూసి, ఏ మెట్టు సిరా ముందు చెరుగునో చూచుచు రెండు దినములు శ్రమించెను. శిరస్సులను గుండ్రముగా చేయు ఆకురాయి లేనందున చిన్న ముక్కోణపు ఆకురాయి అంచులను అరగదీసి దానితో చేసెను. గిటారు ఇప్పుడు బాగుగా మ్రోగుచున్నది. అయితే దాని మెట్ల ఆయుష్షులో కొంత భాగము మా తొందరపాటుకు బలియైనది.

దీనిని గూర్చి తరువాత ఆలోచించితిమి. ప్లెక్ యంత్రమైనను ముందు మెడ వంపును కొలిచి, దోషము కర్రలో ఉన్నదని చూపియుండెడిది. వడ్రంగి కన్నును అదే చూపినది. కొలువకుండ కోసినది మేము. మా పని యంత్రపు పనియు కాదు, చేతి పనియు కాదు. చేతిపని అన్నంతమాత్రమున దానికి గొప్పతనము అబ్బదని ఆ ఏడవ మెట్టు మాకు నేర్పినది.

మెట్టుకు మించినది

ఎంత చక్కగా అమర్చినను మెట్టు పలికించునది ఒక స్వరస్థానమును మాత్రమే. రెండు స్థానముల నడుమ నుండు సంగీతమును పలికించునది మనిషి. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఇందుకు సాక్షి. మాండొలిన్ పాశ్చాత్య వాద్యము. దాని మెట్లు పండ్రెండు సమభాగముల లెక్కకు కట్టుబడినవి. జంట తంతులపై గమకము కష్టము. ఆయన ఐదు ఒంటి తంతుల ఎలక్ట్రిక్ మాండొలిన్ స్వీకరించి, తంతిని లాగి, జారించి కర్ణాటక సంగీతమును సమగ్రముగా పలికించెను. 2014లో మరణించునాటికి ఆ వాద్యము కచేరీ వేదికపై తన స్థానమును సంపాదించుకొన్నది. ఆయన వ్రేలు అంత సులభముగా జారుటకు మెట్టు నునుపు తోడ్పడవలెను. ఆ వ్రేలు లేనిచో ఎంత నునుపైన మెట్టును ఆ రాగమును పలుకదు.

మన జిల్లాలోని చిలకలూరిపేట నాదస్వరమునకు పుట్టినిల్లు వంటిది. 1924లో కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద శిక్షణ పొందెను. పిమ్మట శ్రీరంగమున స్థిరపడి 1998లో సంగీత కళానిధి బిరుదము పొందెను. నాదస్వరపు రంధ్రములు కూడ మెట్ల వలె స్థిరమైనవే. వాని నడుమనున్న స్వరములను ఊపిరి, పెదవి, సగము మూసిన వ్రేలు పలికించును. ముస్లిము కుటుంబములు తరతరములుగా దేవాలయముల యెదుట ఈ విద్యను నిలిపినవన్నది మన ప్రాంతమునకు గర్వకారణము.

ముగింపు

విద్యార్థుల ప్రశ్నకు మా సమాధానమిది. గాడి కోయుటకు యంత్రము మేలు. మెట్టు కూర్చోబెట్టి, కదలిక చూచి, కొనలు విరుచుటకు చేయి కావలెను. సమము చేయుటకు, ముందు కొలుచునట్టిది ఏదైనను మేలే. వీణ మేళమునకు చెవి గల చేయి తప్ప గతి లేదు. యంత్రము వలన తక్కువ వెల గిటార్లకు కూడ మంచి మెట్లు వచ్చినవి. మన విద్యార్థుల వంటి సామాన్య కుటుంబముల పిల్లలు వానిని కొనగలుగుచున్నారు. ఇది చిన్న మేలు కాదు. దానిని చులకన చేయుట తగదు.

చివరగా ఒక మాట. ఆ మాచర్ల విద్యార్థి ప్రవేశపత్రమును మరియొక పనిమీద చూడవలసివచ్చినది. తండ్రి వృత్తి యెదుట 'కూలి' అని వ్రాసియున్నది. ఎందుకట్లు వ్రాసితివని అడిగితిమి. "వడ్రంగి అని రాస్తే ఏముంది సార్" అని తల వంచుకొనెను. మేము లెక్కలేకుండ రుద్దిన మెట్టును రెండు దినములు కూర్చుండి కాపాడినవాని కుమారుడు అతడు.

కళాశాల సంఘమువారికి మా మనవులు రెండు. సాంస్కృతిక సంఘపు వాద్యములకు ఒక పుస్తకము పెట్టి, ఏ ఋతువున ఏ దోషము వచ్చినది, ఎవరు ఏమి చేసిరి అనునది వ్రాయించవలెను. సంవత్సరమునకు ఒక దినము విద్యార్థుల తండ్రులలోను, బంధువులలోను చేతిపని తెలిసిన వడ్రంగులను, తాపీమేస్త్రులను, దుర్గి శిల్పులను పిలిచి, పనిముట్లతో సహా తరగతిలో కూర్చోబెట్టి మాట్లాడించవలెను. ఆ దినమున మేము విద్యార్థులతో బాటు బల్లపై కూర్చుండి విందుము. మాచర్ల వడ్రంగిని మొదట పిలువవలెనని మా కోరిక. ఆయనకు మేము బాకీపడియున్నాము.